ఏరు దాటినవాడి ఆకు

మా ఊళ్ళో ముందు ఇంటిపేరు, తర్వాతే మనిషి. కొత్తవాడు బజార్లో కనబడితే "నీ పేరేంది" అని అడగరు, "ఎవరోళ్ళ అబ్బాయివిరా" అంటారు. ఒక్కో ఇంటిపేరుకీ ఒక బజారు ఉంది, ఒక అరుగు ఉంది, పక్క బజారుతో తీరని తగువొకటి ఉంది. ఎన్నికలొస్తే నాయకులు ఓట్లు లెక్కేసేది కూడా ఇంటిపేర్ల చొప్పునే. ఫలానావాళ్ళు మనకే, ఫలానావాళ్ళు అటు, ఫలానావాళ్ళలో చీలిక. మా ఇంటిపేరు దగ్గరకొచ్చేసరికి అందరికీ నవ్వొస్తుంది. పోయిన పంచాయతీ ఎన్నికల్లో ఓటర్లను ఆటోల్లో చేరవేస్తున్న పెద్దమనిషి మా గుమ్మం ముందు ఆపి, "నీది ఒంటి ఓటు గదా బావా, దానికి ఆటో దండగ, నడిచి రారాదూ" అన్నాడు. నడిచే వెళ్ళాను. ఎవరికి వేశానో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆ దిగులుతో నిద్ర పట్టడం లేదని విన్నాను, చాలా సంతోషం.

ఆ ఇంటిపేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే నా ఫొటో వేసినట్టే. రెంటచింతల చుట్టుపక్కల ఆ పేరుతో మిగిలింది నేనొక్కణ్ణే. అది ఒక ఊరి పేరని మాత్రం చెబుతాను. ఇంటిపేరు ఊరి పేరైతే ఎప్పుడో ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ళమని అర్థం. ఆ ఊరు ఎక్కడుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "ఏటవతల" అనేవాడు మా నాన్న, కృష్ణ వైపు గడ్డం ఎత్తి. అంతకు మించి అడిగితే విసుక్కునేవాడు.

మా మేనత్త విసుక్కునేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు నెత్తిన తడిగుడ్డ వేసుకుని వసారాలో కూర్చుని ఆ కథ చెప్పేది. "పెద్ద కరువొచ్చిందిరా. మా తాతకి తాత పశువుల్ని తోలుకుని ఏరు దాటాడు. ముందు ఒక ఆవు తోక పట్టుకుని ఆయన, ఎనకమాల యాభై పశువులు." తర్వాతి ఎండాకాలానికి ఆ యాభై కాస్తా వందయ్యేవి. నాకు మీసం వచ్చేసరికి కృష్ణలో నీళ్ళకు చోటు లేనన్ని పశువులు మావే ఉండేవి. నేను నవ్వితే అత్త చిన్నబుచ్చుకునేది. ఆ పశువులు లేకపోతే మేము ఉత్త చేతులతో వచ్చినవాళ్ళమవుతాం కదా, అది ఆమెకు ఇష్టం లేదు.

కథ సంగతి ఎలా ఉన్నా, ఏరు దాటి వచ్చినప్పుడు మావాళ్ళు రెండు మాత్రం వెంట తెచ్చుకున్నారు. మా ఊళ్ళో అందరూ పెద్దలకు సంక్రాంతికి పెట్టుకుంటారు. మేము దసరాకు ముందు వచ్చే అమావాస్యనాడు పెట్టుకుంటాం. చనిపోయినవాళ్ళకు తలో విస్తరాకు వేసి, వాళ్ళకిష్టమైనవి వండి వడ్డించి, సాంబ్రాణి పొగ వేసి, ఆ తర్వాత మేము తింటాం. ఊరంతా మామూలుగా చేలకు పోయే రోజున మా ఒక్క ఇంట్లో గారెల వాసన వచ్చేది. "మీ పెద్దోళ్ళకి ముందే ఆకలేస్తదేందే" అని వీధిలోవాళ్ళు మా అమ్మను ఆటపట్టించేవాళ్ళు.

రెండోది, ఆ రోజు బంతిలో కూర్చున్నాక ఆకు ముందు నుంచి మధ్యలో లేవకూడదు. ఈ మర్యాద అందరిళ్ళలోనూ ఉన్నదే, కానీ మా నాన్నకు అది మర్యాద కాదు, భయం. ఒకసారి బయట ఎవరో పిలిచారని సగం అన్నంలో లేవబోయాను. ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి వీపు మీద ఒక్కటి వేశాడు. "ఆకు ముందు నించి లేచినోడు ఇల్లు దాటి పోతాడు" అన్నాడు. ఎవరు చెప్పారంటే వాళ్ళ నాన్న చెప్పాడన్నాడు. అంతే, ఎందుకో ఆయనకూ తెలియదు.

ఆ నాన్న పోయిన రోజున మొదటిసారి నాకు ఇంటిపేరు బరువు తెలిసింది. మా వైపు శవాన్ని లేపేటప్పుడు పాడె ముందు కొమ్ములు పాలివాళ్ళు పట్టాలి. పాలివాళ్ళంటే ఒకే ఇంటిపేరు వాళ్ళు, చావుకి ఒకే మైల పట్టేవాళ్ళు. నేను కొడుకుని కాబట్టి నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డాను. డప్పులు ఆగాయి. ఊరి పెద్దాయన అలవాటు కొద్దీ "పాలోళ్ళు రండయ్యా" అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. రావడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత వాళ్ళూ వీళ్ళూ ముందుకొచ్చి భుజం పట్టారు, మంచివాళ్ళు, వాళ్ళను తప్పు పట్టను. కానీ ఆ కేకకూ ఆ భుజాలకూ మధ్య ఉన్న కాసేపట్లో నేను పడిన సిగ్గు ఇంకా నాలో ఉంది. మా నాన్న ఏదో తప్పు చేసి ఒంటరిగా పోతున్నట్టనిపించింది.

తర్వాత నేను బస్సు కండక్టరునయ్యాను. మాచర్ల నుంచి గురజాల, నర్సరావుపేట, ఇటు సాగర్, శివరాత్రికి కోటప్పకొండ స్పెషళ్ళు. టిక్కెట్టు కొట్టేటప్పుడు పేరు అడిగే పని లేదు. కానీ పాసులుంటాయి. స్కూలు పిల్లల పాసులు, ఉద్యోగుల పాసులు. "పాసు చూపించమ్మా" అని ప్రతిదీ చేతిలోకి తీసుకుని చదివేవాణ్ణి. గడువు చూస్తున్నాననుకునేవాళ్ళు. నేను చూసింది ఇంటిపేరు. సర్వీసంతా చూశాను, ఒక్కటి దొరకలేదు. మా ఇంటిపేరున్న ఊరొకటి సత్తెనపల్లి దాటాక ఉందని ఎవరో అంటే సెలవు పెట్టి వెళ్ళాను. ఆ ఇంటిపేరు వాళ్ళు మా ఊళ్ళో లేరే అన్నారు. అయితే ఇది మన ఊరు కాదని తేల్చుకుని, సోడా తాగి తిరిగొచ్చాను. అంత తెలివైనవాణ్ణి.

మా ఆవిడ ఈ వెతుకులాటను బాగా వేళాకోళం చేసేది. ఆమె పుట్టింటివాళ్ళు ఊళ్ళో సగం. "నేనొచ్చి మీ ఇంటిపేరు జనాభా రెట్టింపు చేశా, నాకు సన్మానం చెయ్యండి" అనేది. అప్పటికి అమ్మ కూడా పోయింది, అత్త మరో ఇంటిపేరులోకి ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషి. కాబట్టి ఆ మాట నిజమే. మాకు పిల్లలు కలగలేదు. ఆసుపత్రులకు తిరిగాం, మొక్కులు మొక్కాం, తర్వాత ఆ మాట ఎత్తడం ఇద్దరమూ మానేశాం. డ్యూటీ దిగి ఎంత పొద్దుపోయి వచ్చినా ఆమె తినకుండా ఉండేది. ఒక కంచమే పెట్టేది. కంచం తోమే పని తగ్గుతుందని పైకి చెప్పే కారణం. ఆమెకు ముద్దపప్పు అంచున, నాకు పచ్చడి అంచున. అలా ఒకే కంచంలో తిని ముసలివాళ్ళమయ్యాం.

ఆమె పోయింది. కరోనాలో కాదు, ఏ పెద్ద జబ్బుతోనూ కాదు. ఒకరోజు పొద్దున బియ్యం ఏరుతూ పక్కకు ఒరిగింది. ఇంతకు మించి రాయలేను.

అప్పటి నుంచి ఒంటికాయ శొంఠికొమ్ము బతుకు. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అంటారు కదా, నన్ను ఊరు పొమ్మనడం కూడా లేదు. ఉన్నానో లేదో పట్టించుకుంటే కదా పొమ్మనడానికి. పొద్దున పాలు, మధ్యాహ్నం ఫోన్లో వార్తలు, సాయంత్రం అరుగు. ఆ అరుగు కూడా వేరే ఇంటిపేరు వాళ్ళది.

మా ఆవిడ పోయిన రెండో ఏడు అమావాస్యకు నేనే వండాను. గారెలు రాలేదు, పుణుకులయ్యాయి. నాన్నకు, అమ్మకు తలో ఆకు వేశాను. అత్త ఆకు వాళ్ళింట్లో వేస్తారు. మా ఆవిడకు ఆకు వెయ్యబుద్ధి కాలేదు, మా కంచమే కడిగి పెట్టి ముద్దపప్పు వడ్డించాను. సాంబ్రాణి పొగలో కూర్చున్నప్పుడు ఒక సంగతి చాలా మామూలుగా తోచింది. నేను పోయాక ఇక్కడ ఎవరూ ఆకు వెయ్యరు. నాకు వెయ్యకపోతే పోయె, పుణుకులు వండినవాడికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందే. కానీ ఆమెకు? ఎప్పుడూ నాకోసం ఆకలితో కూర్చున్న మనిషి. ఇంకెప్పటికీ అలాగే కూర్చుని ఉండాలా? ఇలాంటివి నమ్ముతావా అంటే నమ్మనని చెప్పేవాణ్ణే, ఆ రోజు మాత్రం నమ్మి ఏడ్చాను.

వాకిలి తీసే ఉంది. పక్కింటివాళ్ళ కొత్త కోడలు పెరుగు గిన్నె తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నల్గొండ వైపు నుంచి వచ్చిన పిల్ల. ఆకులు చూసి కళ్ళు పెద్దవి చేసింది. "తాతా, ఇయ్యాల పెత్తరమాస అని నీకెట్ల ఎరుక? ఈ ఊర్ల ఎవ్వరికి తెల్వదు. మా దిక్కు అందరు ఇయ్యాలనే పెడతరు" అంది.

మాది ఏటవతలి ఊరేనట అని ఇంటిపేరు చెప్పాను. ఆ పిల్ల గిన్నె కింద పెట్టేసింది.

"గా ఊరు సాగర్ కింద మునిగింది కద తాతా! ఊరోళ్ళకు హాలియా దాటినంక కాలనీ కట్టిచ్చిన్రు. మా అమ్మగారింటి కాడనే. మా స్కూల్ల సగం పోరగాండ్లు ఆ ఊరోళ్ళే."

నేను కూర్చున్నచోటే ఉండిపోయాను. మాచర్ల నుంచి సాగర్ రూటులో, ఎత్తిపోతలకు పోయే టూరిస్టులతో చిల్లర కోసం పోట్లాడుతూ ఎన్నిసార్లు ఆ నీళ్ళ పక్కన తిరిగానో. మా ఇంటిపేరు కిటికీలోంచి కనపడే నీళ్ళ అడుగున ఉంది, నేను బస్సులో పాసులు చదువుతున్నాను.

వారం తిరక్కముందే బయల్దేరాను. సర్వీసులో ఉన్నప్పటి చొక్కాలాంటిది వద్దని, మా ఆవిడ పెట్టెలో దాచిన తెల్లచొక్కా తీశాను. సాగర్ వంతెన మీద బస్సు పోతుంటే చొక్కా గుండీలు మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. పెళ్ళిచూపులకు పోయినప్పుడు కూడా అంత కంగారు లేదు. కాలనీలో ఇళ్ళమీద, పాసుల్లో ఎప్పుడూ దొరకని మా ఇంటిపేరే వరసగా కనిపిస్తుందని ఊహించుకున్నాను. ఎవరో ఒకరు "రా బాబాయ్" అంటారనుకున్నాను. ఒక వీధినిండా పాలివాళ్ళు. పోయేటప్పుడు పాడె ముందు నిలబడటానికి మనుషులు.

కాలనీ మొదట్లో టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. "ఇక్కడ ఫలానా ఇంటిపేరు వాళ్ళ ఇల్లు ఎక్కడండీ" అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వు మొదలైంది.

"అది మా ఊరి పేరు గదనే! ఊల్లె ఉండుకుంట ఊరి పేరు ఎవడన్న పెట్టుకుంటడా? ఈడ అందరం ఆ ఊరోళ్ళమే. గా ఇంటిపేరోడు ఒక్కడు లేడు."

ఆయన ఎగతాళిగా అనలేదు, నిజంగానే వింతగా ఉంది ఆయనకి. నేను మాత్రం బల్ల మీద కూర్చున్నాను. ఎంత చిన్న సంగతి. ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరికీ ఆ పేరు అక్కర్లేదు. ఊరొదిలి వేరే చోటికి పోయినవాణ్ణి అక్కడివాళ్ళు వేలు చూపించి, వీడు మనవాడు కాదు, ఫలానా ఊరివాడు అంటారు. అదే ఇంటిపేరై కూర్చుంటుంది. మా ఊళ్ళో మమ్మల్ని తరాల తరబడి పరాయివాళ్ళని పిలుస్తూ వచ్చారు, నేను ఆ పిలుపును నెత్తిన పెట్టుకుని దానిలో చుట్టాల కోసం వెతికాను. సత్తెనపల్లి దగ్గర సోడా తాగినప్పుడే ఇది తట్టాల్సింది. తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాను.

టీ పోసే ఆయన గ్లాసు ఇస్తూ, "ఏరు దాటి పోయినోళ్ళ ముచ్చటైతే ఆ మూలమీది ముసలమ్మకు ఎరుక, ఒకపారి అడిగి పో" అన్నాడు.

ఆమె మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చూపు కాస్త తగ్గింది, వినికిడి బాగానే ఉంది. వచ్చిన పని చెప్పాను. మేము అమావాస్యకు పెట్టుకుంటామని, ఏరు దాటి వచ్చామని, వెంట వంద పశువులున్నాయని. పశువుల మాట దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"పశువులేడివి బిడ్డా? భుజం మీది తువ్వాల గూడ మరిచిపోయిండట." తర్వాత మెల్లగా, తన అత్తగారి నోట విన్నది విన్నట్టు చెప్పింది. "ఇద్దరు అన్నదమ్ములు. పెత్తరమాస నాడు చిన్నోడు గొర్ల కాడికెల్లి ఆలస్యంగ వచ్చి బంతిల కూసున్నడు. పని చెయ్యనోనికి ఆకెందుకని పెద్దోడు అందరి ముంగట అన్నడట. చిన్నోడు అన్నం ముట్టలే. ఆకు ముంగట కెల్లి లేచిండు. పెండ్లాన్ని, పిల్లగాన్ని తోలుకొని పుట్టి ఎక్కి ఏరు దాటిండు. మల్ల రాలే. మేం పెద్దోని దిక్కోళ్ళం."

నా వీపు మీద మా నాన్న దెబ్బ తగిలినచోటు చురుక్కుమంది. ఆకు ముందు నుంచి లేచినవాడు ఇల్లు దాటిపోతాడు. ఎవరో శాపం పెట్టినట్టుండే ఆ మాట, లేచి వచ్చినవాడే పిల్లలకు చెప్పుకున్న మాట. ఏరు దాటి తెప్ప తగలేసినవాడని ఇటువాళ్ళు అనుకునే ఉంటారు. ఆయన మాత్రం అదే అమావాస్యకు, మా ఒడ్డున కూర్చుని, అందరూ తినడం అయ్యేదాకా లేవకుండా ఉన్నాడు.

"తల్లి ఆ ఆకు తియ్యనియ్యలే. కోపం దిగినంక వస్తడు, ఉండనియ్యుండ్రి అన్నదట. పై ఏడు పెత్తరమాసకు గూడ ఏసింది. బతికినన్నాళ్ళు ఏసింది. ఆమె పోయినంక ఆమెకొక ఆకు, ఆ పోయినోనికొక ఆకు."

"తర్వాత ఆపేశారా?" అన్నాను.

"ఎందుకు ఆపుతం? ఊరు మునిగిన ఏడు ఇల్లు లేదు, చెట్టు కింద ఉన్నం. అప్పుడు గూడ ఏసినం. మొన్న పెత్తరమాసకు గూడ నా మన్మని పెండ్లాం ఏసింది. అడుగు."

లోపల నుంచి ఆ అమ్మాయి తలుపు దగ్గరకొచ్చి తలూపింది. నేను మా ఇంట్లో ఒక్కణ్ణీ కూర్చుని ఇక మాకెవరూ లేరని ఏడ్చిన రోజే అది. అదే పూట ఇక్కడ మా ఆకు వేసి ఉంది.

ముసలమ్మ వరస లెక్కపెట్టడానికి ప్రయత్నించి, తెగక, "పెద్దమ్మా అను, అయిపోతది" అంది. నాన్న వైపు నుంచి నాకు పెద్దమ్మ ఎప్పుడూ లేదు. ఆ పిలుపు నోట్లో కొత్తగా తగిలింది. "తిన్నవా?" అంది. లేదన్నాను. "కంచం వద్దు, ఆకు తేవే" అని లోపలికి కేకేసింది. అటక మీది మోదుగాకు విస్తరి దులిపి, కడిగి వేశారు. అన్నం, పప్పు, చింతకాయ తొక్కు. నేను తింటుంటే ఆమె మంచం దిగి వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. కళ్ళు సరిగా కనపడవు కాబట్టి నా చేతి చప్పుడు వింటూ కూర్చుందనుకుంటాను. ఏడుపొచ్చింది. లేవలేదు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

ఆకు మడిచాక ఆమె పెద్ద నిట్టూర్పు విడిచింది.

"తిన్నడు పో. ఇంటి మీద ఎన్నాళ్ళదో బాకీ. ఇగ వచ్చే పెత్తరమాస కెల్లి ఆ ఆకు ఎయ్య పనిలేదు గద బిడ్డా?"

ఆమె నన్ను బతికినవాళ్ళలో కలిపేసింది, ఆ సంతోషం ఆమె మొహంలో కనిపిస్తోంది. దాన్ని చెడగొట్టడం ఇష్టం లేదు. కానీ నేను ఆ ఏరు దాటి వచ్చింది దేనికో అప్పటికి నాకు తెలిసిపోయింది.

"ఎయ్యండి పెద్దమ్మా, ఆపొద్దు" అన్నాను. "మా ఇంట్లో నా తర్వాత ఏసేవాళ్ళు లేరు."

"పిల్లలు?"

"లేరు."

"నీ పెండ్లాం?"

"పోయింది. రెండేళ్ళయింది."

ఆమె చేత్తో నేల తడుముతూ వచ్చి నా మోకాలు పట్టుకుంది. తర్వాత మనవడి పెళ్ళాం వైపు తిరిగి, మరిచిపోకుండా చెప్పాల్సిన పని చెప్పినట్టు అంది. "అయితే రెండు ఆకులెయ్యాలె, ఇన్నవా? ఇతనిదొకటి, ఆ తల్లిదొకటి."

"ఒకటి చాలు పెద్దమ్మా" అన్నాను. "మేమిద్దరం ఒకే కంచంలో తింటాం."